ఎడమ కాలికి సెలవు

నేను ఒక ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని. కారు ముందు భాగంలో, ఇంజను పక్కన, మీ కంటికి కనపడని చోట ఉంటాను. మీరు కారు కొనేటప్పుడు రంగు చూస్తారు, సీటు నొక్కి చూస్తారు, తలుపు వేసి చప్పుడు వింటారు. నన్ను మాత్రం ఎవరూ బయటికి తీసి చూపించమనరు. అందుకు నాకేమీ బాధ లేదు. సరుకు నిలబడాలి గాని పేరెందుకు?

నా వృత్తి ఏమిటంటే వ్యాపారం అనే చెబుతాను. ఇంజను దగ్గర వేగం బోలెడు, బలం తక్కువ. చక్రాలకి బయలుదేరేటప్పుడూ, ఎత్తు ఎక్కేటప్పుడూ బలం కావాలి. తీరా రోడ్డు చదునుగా దొరికాక బలం అక్కర్లేదు, వేగం కావాలి. ఒకరి దగ్గర ఉన్నది పుచ్చుకుని రెండోవారికి అవసరమైన రూపంలో మార్చి ఇవ్వడం నా పని. వేగం తీసుకుని బలం ఇస్తాను. బలం వద్దన్నప్పుడు వేగమే ఇస్తాను. రెండూ ఒకేసారి ఎక్కువ కావాలంటే నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. ఇస్తానన్నవాడి కొట్టు మెట్లు ఎక్కకండి. మధ్యలో కొంత వేడిగా పోతుంది. మిరపకాయల బస్తాకి తరుగు తీసినట్టు, అది నా తరుగు.

బస్తాలూ తరుగూ అంటున్న ఈ భాష నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నేను పుట్టింది సముద్రం అవతల, మాట్లాడని యంత్రాల మధ్య. కడుపునిండా ఎర్రటి నూనె పోసి, ఒకసారి తిప్పి చూసి, పెట్టెలో పెట్టి ఓడ ఎక్కించారు. మద్రాసు దగ్గర ఒక కార్ల ఫ్యాక్టరీలో మీగడ రంగు కారులో బిగించారు. ఆ కారుని గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే కోటిలింగం గారు కొన్నారు. నా చదువంతా ఆయన దగ్గరే.

అప్పట్లో మా జాతి ఆ జిల్లాలో అరుదు. ఎదురు కొట్టు ఆయన కొత్త కారు కొన్నాడని తెలిసి, అంతకంటే ఖరీదైనది ఏది ఉంటే అది పంపమని కోటిలింగం గారు ఫోను చేశారు. ఏం వచ్చిందో చూసుకోలేదు. మిరపకాయని విరిచి, వాసన చూసి, గింజ కొరికి గాని ధర చెప్పని మనిషి, కారు విషయంలో రేటు చీటీ చూసి నమ్మేశారు. వ్యాపారి తన సరుకులోనే తెలివైనవాడు. పక్క వీధి సరుకులో అందరిలాంటివాడే.

పూజ రోజున బండి ముందు కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కోటిలింగం గారు కండువా సర్దుకుని వెనక సీట్లో కూర్చున్నారు. డ్రైవరు యోహాను, అంబాసిడర్లూ లారీలూ నడిపి నడిపి తల నెరిసినవాడు, ఇంజను తిప్పి లివరు 'డి' దగ్గర పెట్టాడు. నేను నా ధర్మం ప్రకారం నెమ్మదిగా ముందుకు కదిలించాను. ఎవరూ ఏమీ తొక్కకుండా బండి కదిలేసరికి యోహాను ఉలిక్కిపడ్డాడు. వెంటనే అతని ఎడమ కాలు జన్మ అలవాటుగా క్లచ్ కోసం లేచి, దొరికిన పెడల్‌ని బలంకొద్దీ తొక్కింది. దొరికింది బ్రేకు. కోటిలింగం గారి నుదురు ముందు సీటుకి తగిలింది. ఒక నిమ్మకాయ చితికింది, రెండోది దొర్లుకుంటూ పూజారి కాళ్ళ దగ్గరికి పోయింది.

"ఏరా, మొదటి రోజే తీసుకుపోతావా నన్ను?"

"క్లచ్ లేదండయ్యా!"

"లేకపోవడమేంట్రా, పెట్టడం మరిచిపోయారా?"

"కాదండి. గేర్లు బండే వేసుకుంటుందంట. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది."

కోటిలింగం గారు నుదురు రుద్దుకున్నారు. "గేర్లు బండే వేసుకుంటే మరి నువ్వెందుకురా?"

ఆ ప్రశ్న యోహాను మనసులో ఉండిపోయింది. పాపం, చాలాకాలం నన్ను శత్రువులాగానే చూశాడు. పల్లం కనిపిస్తే చాలు, పెట్రోలు ఆదా అని నన్ను 'ఎన్' లోకి తోసేసి బండిని వదిలేసేవాడు. కొండవీడు ఘాటు దిగేటప్పుడు నాకు పని ఇస్తే ఇంజను బిగువుతో బండిని పట్టి దింపుతాను కదా. ఇవ్వడు. బ్రేకులు కాలి వాసన వస్తుంటే ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. అలా మిగిల్చిన పెట్రోలంతా బ్రేకుల కొట్టువాడికి పోయింది. అయ్యగారూ యోహానూ మాత్రం ఆదా చేశామనే అనుకున్నారు.

క్రమంగా యోహానుకి నాతో రాజీ కుదిరింది. ఎడమ కాలు ఊరికే ఉంటే పాత బుద్ధి పోనిచ్చుకోదని తెలుసుకుని, దాన్ని మడిచి సీటు మీద తన కింద వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుని, కుడి కాలితోనే నడిపేవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా జీవితంలో పెద్ద బేరం ఆ మడిచిన కాలి వల్లనే కుదిరింది.

ఇక నా లోపలి సంగతి. చెప్పకపోతే మూసిన బస్తా అమ్మినట్టు ఉంటుంది.

ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి, ఒకటే స్విచ్ వేయండి. ఆ గాలికి రెండోది కూడా తిరగడం మొదలుపెడుతుంది. గాలి బదులు నూనె ఉందనుకోండి, అదే నా గుమ్మం. టార్క్ కన్వర్టర్ అంటారు. ఇంజను తన ఫ్యాను తిప్పుతుంది, నూనె ఎగిరి నా ఫ్యాను రెక్కల మీద పడుతుంది, నేను తిరుగుతాను. ఇంజనుకీ నాకూ మధ్య, బయలుదేరే వేళ, ఉన్న సంబంధం నూనె ఒక్కటే. అందుకే సిగ్నలు దగ్గర బండి ఆగినా ఇంజను ఆగిపోదు. క్లచ్ తొక్కి ఇద్దరినీ విడదీయాల్సిన పని ఎవరికీ లేదు.

లోపల పళ్ళ చక్రాలు ఉంటాయి. మధ్యలో ఒకటి, దాని చుట్టూ తిరిగే చిన్నవి కొన్ని, వాటన్నిటినీ చుట్టి బయట ఒక పెద్ద రింగు. ఇది ముగ్గురు భాగస్తుల కొట్టు. ముగ్గురూ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు తిరిగితే ఏ పనీ జరగదు, అది న్యూట్రల్. ఎవరో ఒకరిని కదలకుండా పట్టుకోవాలి. బయటి రింగుని పట్టుకుంటే వేగం తగ్గి బలం వస్తుంది. ఇద్దరిని కలిపి కట్టేస్తే ముగ్గురూ ఒక్కటై ఇంజనుతో సమానంగా పోతారు. మధ్య చిన్నవాటిని పట్టుకుంటే బండి వెనక్కి నడుస్తుంది. మీ ఇళ్ళల్లో ఎవరిని పట్టుకుంటే ఏమవుతుందో మీకే తెలియాలి.

పట్టుకునేవి క్లచ్ ప్లేట్లు. మీ కాలు తొక్కేది కాదు, నా కడుపులో నూనెలో మునిగి ఉండే పల్చటి బిళ్ళలు. నూనె ఒత్తిడి వస్తే ఒకదానికొకటి అతుక్కుని పట్టేస్తాయి, పోతే వదిలేస్తాయి. ఏది ఎప్పుడు పట్టాలో తేల్చేది వాల్వ్ బాడీ అనే పలక. దాని నిండా సన్నటి కాలవలు, చిన్న చిన్న ఉక్కు గుండ్లు. మీ పాదం నొక్కిన ఒత్తిడి ఒకవైపు నుంచి, బండి వేగం ఇంకోవైపు నుంచి వచ్చి అక్కడ తలపడతాయి. ఎవరిది పైచేయి అయితే ఆ గేరు. పాతకాలం వ్యాపారులు తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర తేల్చుకునేవారు. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నాదీ అలాంటి బేరమే. ఆ నూనెని తోసే పంపు మాత్రం ఇంజను తిరిగితేనే తిరుగుతుంది. ఇంజను ఆగితే నాకు నూనె లేదు. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

కోటిలింగం గారి ఇంటికి మంగళగిరి నుంచి చీరలు తెచ్చే ఒకావిడ వచ్చేది. పేరు రాజ్యలక్ష్మి. నేత పని చేసే కుటుంబం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నగిల్లింది. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒరిగి నడిచేది. మూటలు ఆటోవాడు మోసుకొచ్చేవాడు. ఆటోవాడు రాని రోజు వ్యాపారం లేదు. ఊళ్ళో కొట్టు చూసే అన్నయ్య పానకాలుకి తీరిక దొరికితే దూర ప్రయాణం, లేకపోతే లేదు. చీరలో జరీ ఎంతో, ఏ రంగు ఏ ఊళ్ళో పోతుందో ఆవిడకి తెలిసినంతగా పానకాలుకి తెలియదు. కానీ కాళ్ళు ఆయనవి.

ఒకరోజు ఆవిడ మెట్లు దిగుతుంటే, కారు తుడుస్తున్న యోహాను కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఏమీ అనుకోకపోతే ఒక మాట. మా అయ్యగారు ఈ బండి తీసేద్దామనుకుంటున్నారు. దీనికి ఎడమ కాలు అక్కర్లేదు."

"అక్కర్లేకపోవడమేంటి బాబూ?"

"నేను నా ఎడమ కాలిని మడిచి దాని మీద కూర్చునే నడుపుతానమ్మా. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఏదని అడగలేదు ఇది."

రాజ్యలక్ష్మి మెట్టు మీదే ఆగిపోయింది. చేతిసంచి భుజానే ఉంది. తర్వాత దిగి వచ్చి కారు తలుపు తీసి, కింద ఉన్న రెండు పెడల్స్‌ని చాలాసేపు చూసింది. పెళ్ళిళ్ళ సీజనులో ఆవిడ చీరల ముందు కస్టమర్లు కూడా అలా నోరు తెరిచి నిలబడి ఉండరు.

బేరం నా కళ్ళముందే జరిగింది. కోటిలింగం గారికి అలవాటైపోయిన బండి అమ్మడం మీద కంటే, బేరం ఆడడం మీద మక్కువ. "అమ్మాయ్, నీ చీర ధర నువ్వు ఏనాడైనా తగ్గించావా? నేనెందుకు తగ్గిస్తాను?" అన్నారు. "బాబాయిగారూ, నా చీర మీ నుదురు పగలగొట్టలేదు కదా," అందామె. పూజ సంగతి యోహాను చెప్పి ఉంటాడు. ఆయన నవ్వేశారు. నవ్విన వ్యాపారి సగం ఓడినట్టే. సగం రొక్కంగా, సగం ఇంటి ఆడవాళ్ళకి పట్టుచీరలుగా తెగింది.

యార్డుకి సెలవైన రోజున ఖాళీ మైదానంలో యోహాను ఆవిడకి నేర్పాడు.

"ముందు ఎడమ కాలిని మరిచిపోండమ్మా."

"నేనెప్పుడో మరిచిపోయాను. జనమే గుర్తుచేస్తుంటారు."

అంత తొందరగా నేర్చుకున్నవాళ్ళని నేను చూడలేదు. చెడిపోవడానికి ఆవిడకి పాత అలవాటు ఏదీ లేదు. క్లచ్ కోసం వెతికే కాలు లేదు, గేరు కోసం తడుముకునే చెయ్యి లేదు. నన్ను నాలాగే తీసుకుంది. కుడి పాదం మీద కాస్త బరువు వేసేది, నేను అర్థం చేసుకునేవాణ్ణి. కొత్త చీర మడత విప్పినంత మెత్తగా రెండో గేరు, మూడో గేరు పడేవి. ఎడమ పాదం మాత్రం కింద పట్టా మీద ఊరికే ఉండేది. చెప్పు కూడా విప్పేసేది.

అలా మంగళగిరి చేరాను. ఆ ఊరి కొండ మీద స్వామికి పానకం పోస్తే సగమే తాగి సగం తిరిగి ఇస్తాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అది విన్నప్పుడు నాకు సొంత ఊరు వచ్చినట్టు అనిపించింది. నా గుమ్మంలో రెండు ఫ్యాన్ల మధ్య ఇంకో చిన్న చక్రం ఉంటుంది. నా రెక్కలకి తగిలి తిరిగి పోతున్న నూనెని అది వృథా పోనివ్వదు. మళ్ళీ ఇంజను ఫ్యాను తిరిగే వైపుకే మళ్ళించి ఇస్తుంది. బయలుదేరేటప్పుడు నాకు వచ్చే అదనపు బలం దాని చలవే. తీసుకున్నదాంట్లో కొంత తిరిగిచ్చే పద్ధతి దేవుడిదైనా, యంత్రానిదైనా, కొట్టుదైనా అది నిలబడుతుంది.

రాజ్యలక్ష్మి వ్యాపారం నిలబడింది. తెనాలి, పొన్నూరు, బాపట్ల, ఒంగోలు. బ్యాంకుల్లో భోజనాల వేళ, బడుల్లో ఇంటర్వెల్లో వెనక డిక్కీ తెరిస్తే అదే కొట్టు. కాలికేసి చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు, డిక్కీలోకి చూడడమే సరిపోయేది.

ఆవిడ అన్నయ్య పానకాలుకి మాత్రం నేను ససేమిరా నచ్చలేదు. చెడ్డ మనిషి కాదు. ఆ స్వామి పేరే పెట్టుకున్నా సగం తిరిగిచ్చే గుణం కాస్త ఆలస్యంగా అబ్బింది, అంతే. సరదాపడి ఒకసారి నన్ను నడపబోయాడు. ఆయన ఎడమ కాలు కూడా యోహాను కాలులాగే బ్రేకు మీద ఎగిరింది. పక్కింటి పాలవాడి సైకిలు ముందు బండి కొయ్యలా నిలబడిపోయింది. పాలవాడు నవ్వాడు. అదే అసలు నష్టం.

"ఎడమ కాలికి పని లేని బండి కూడా ఒక బండేనా?" అనేవాడు రోజూ. "చెల్లెలి కాలు బాగా లేకపోయినా ఊళ్ళు తిప్పుతున్నాడని జనం నన్ను అంటున్నారు రాజ్యం. నువ్వు కొట్లో కూర్చో. గేర్ల బండి కొందాం, నేను తిప్పుతా."

"జనం చీరలు కొంటున్నారా, మాటలు కొంటున్నారా అన్నయ్యా?"

ఇలా నడుస్తుండగా, శ్రావణ మాసం దగ్గరపడింది. చీరల వాళ్ళకి ఏడాదంతా ఒక ఎత్తు, శ్రావణం ఒక ఎత్తు. పొన్నూరు బడిలో అమ్మకం ముగించుకుని బయలుదేరబోతే బండి స్టార్టు కాలేదు. బ్యాటరీ చచ్చింది. చిన్న జబ్బు. కానీ మన దేశంలో ఆగిన బండి కనిపిస్తే మనుషుల్లో దేవుడు లేస్తాడు. డ్రిల్లు మాస్టారు ఈల వేశారు, మాస్టర్లూ అటెండర్లూ వచ్చి డిక్కీకి చేతులు ఆనించారు.

"మేడం, న్యూట్రల్లో ఉంచండి! మేం ఊపు మీద తోస్తాం, 'డి' లో వేసేయండి, అదే లేస్తుంది! వన్... టూ..."

మైదానం చుట్టూ తిప్పారు. లేవదు. ఎలా లేస్తుంది? చక్రాలు తిప్పి ఇంజనుని లేపాలంటే మధ్యలో గట్టి పట్టు ఉండాలి. నాకు ఉన్నది నూనె. పంపు తిరగందే ఆ నూనెకి ప్రాణం లేదు, ఇంజను లేవందే పంపు తిరగదు. వాళ్ళు చెమటోడ్చి తోస్తున్నది బండిని కాదు, నీళ్ళలో నీడని. చివరికి డ్రిల్లు మాస్టారు "బండిలో దోషం ఉంది" అని తేల్చి, ఇంటికి చీర కొనుక్కుని వెళ్ళారు.

కబురందుకుని పానకాలు బస్సులో వచ్చాడు. చెల్లెల్ని బస్సెక్కించి పంపించాడు. ఖాళీగా బెజవాడ పోతున్న లారీని ఆపి, కారుకి తాడు కట్టాడు. దారిలో గుంటూరు ఆటోనగర్ తగిలింది. కొత్త బ్యాటరీ వేస్తే అక్కడికక్కడే అయిపోయే పని. ఆగలేదు. "మంగళగిరిలో మన మెకానిక్ మస్తాన్ ఉండగా పరాయివాడి దగ్గరికెందుకు?" అన్నాడు లారీ డ్రైవరుతో. తెలిసినవాడి కోసం తెలియని దూరం లాక్కుపోవడం మనవాళ్ళ మంచితనం. ఇంజను నడవని కారుని మాత్రం పానకాలు బ్రహ్మాండంగా నడిపాడు, ఈల కూడా వేశాడు.

కింద నా సంగతి ఇది: చక్రాలు రోడ్డు మీద తిరుగుతున్నాయి, వాటితో నా లోపలి పళ్ళ చక్రాలూ తిరుగుతున్నాయి. ఇంజను నిద్రపోతోంది కాబట్టి పంపు లేదు, నూనె పైకి రావడం లేదు. ఎండిన గొంతుతో పాట పాడించినట్టు మంగళగిరి దాకా తిప్పారు. మస్తాన్ షెడ్డు నందిగామ అంత దూరంలో ఉండి ఉంటే నేను మీకు ఈ కథ చెప్పేవాణ్ణి కాదు.

మస్తాన్ షెడ్డులో కొత్త బ్యాటరీ వేశారు. ఇంజను లేచింది. 'డి' వేస్తే నేను మూలిగాను, కదలలేకపోయాను. మస్తాన్ కొలకడ్డీ లాగి నూనె చూశాడు. ఎర్రగా ఉండాల్సింది నల్లబడి, మాడిన పప్పు వాసన వేస్తోంది.

"అన్నా, దీని పని అయిపోయింది."

"అయిపోతే మంచిదే," అన్నాడు పానకాలు. "దీన్ని తీసేసి మామూలు గేర్‌బాక్స్ పెట్టి, క్లచ్ పెడల్ బిగించు. శ్రావణం నేను తిప్పుతా. రాజ్యానికి ఇప్పుడే చెప్పకు."

మర్నాడు పొద్దున్నే ఆ మామూలు గేర్‌బాక్స్ వచ్చింది. ఎక్కడో పడిపోయిన బండిలోది. పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా శుభ్రంగా తుడుచుకుని నా పక్కనే కూర్చుంది. మస్తాన్ నన్ను బోల్టులు ఊడదీసి కింద దింపాడు. అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. బ్యాటరీ పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి వచ్చిన రాజ్యలక్ష్మి, మోకాలి మీద చెయ్యి ఆనించి లోపలికి వచ్చింది. నన్ను చూసింది, పక్క పెళ్ళికొడుకుని చూసింది, గోడకి ఆనించి ఉన్న మూడో పెడల్‌ని చూసింది. చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

"ఇది ఎవరి కాలితో తొక్కాలన్నయ్యా?"

"నేను తొక్కుతాను. నువ్వు హాయిగా పక్కన కూర్చో. నీ మంచికేనే."

"అంటే బండి నీది, చీరలు నావి."

"అలా విడదీసి మాట్లాడతావేంటి?"

"పెడల్ పెట్టింది నువ్వు, విడదీసింది నేనా?" ఆవిడ మస్తాన్ వైపు తిరిగింది. "మస్తానూ, దీన్ని బాగుచేయలేవా?"

మస్తాన్ నిజాయితీగా భయపడ్డాడు. "విప్పగలనక్కా. ఈ రకం ఎప్పుడూ విప్పలేదు. ఇందులో బిళ్ళలు బోలెడు, స్ప్రింగులు బోలెడు. ఏది దేని తర్వాతో కలిసిపోతే మళ్ళీ బిగించడం నావల్లా కాదు, మా నాయనవల్లా కాదు."

"వరస పోకుండా నేను చూస్తే?"

"నువ్వా?"

"మగ్గం మీద పడుగు అయిపోతే కొత్త పడుగు ఎలా ఎక్కిస్తాం? పాత పోగు చివరకి కొత్త పోగు, ఒకదాని తర్వాత ఒకటి వరసగా అతుకుతాం. వేల పోగులు. ఒక్కటి తారుమారైనా బుటా చెడుతుంది. వాటికంటే ఎక్కువ ఉంటాయా నీ బిళ్ళలు?"

ఇంటి నుంచి రంగు నూలు తెప్పించింది. పాత చీర నేల మీద పరిచింది. మస్తాన్ ఒక్కొక్క భాగం తీసి ఇస్తుంటే, అది వచ్చిన చోటుని బట్టి రంగు పోగు కట్టి, వచ్చిన వరసలోనే చీర మీద పేర్చుకుంటూ పోయింది. నా జీవితంలో నన్ను ఎవరూ అంత మర్యాదగా విప్పలేదు. అసలు ఎవరూ విప్పలేదనుకోండి.

చిక్కు వచ్చింది నూనెతో. జిడ్డు మీద ముడి నిలవడం లేదు, జారిపోతోంది. ఒకటి జారింది, రెండోది జారింది. పానకాలు స్టూలు మీద మొహం ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. మూడోది జారేసరికి ఉండబట్టలేకపోయాడు.

"అది ముడా? నాన్న చూస్తే చెవి మెలేసేవాడు. ఇలా తే."

లాక్కుని, బొటనవేలి మీద పోగు తిప్పి, ఒక్క గుంజు గుంజాడు. ఊడలేదు. నేతగాడి ముడి తడిలోనూ ఊడదు, జిడ్డులోనూ ఊడదు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు, ఆయన ఎవరినీ అడగలేదు. ముళ్ళు వేస్తూ పోయాడు. మధ్యమధ్య "నేనేమీ ఒప్పుకున్నట్టు కాదు" అంటున్నాడు. "సరే అన్నయ్యా, ఎర్రపోగు అందుకో" అంటోంది ఆవిడ.

మాడిన ప్లేట్ల బదులు బెజవాడ నుంచి ప్లేట్లు తెప్పించారు. మళ్ళీ బిగించడం మొదలైంది. వాల్వ్ బాడీ దగ్గరకి వచ్చేసరికి ఒక ఉక్కు గుండు తక్కువైంది. శనగగింజంత ఉంటుంది. అది లేకుండా బిగిస్తే నూనె దారి తప్పుతుంది, కొత్త ప్లేట్లు కూడా నాలుగు రోజుల్లో మాడిపోతాయి. మస్తాన్ పళ్ళాలు తిరగేశాడు, రాజ్యలక్ష్మి చీర దులిపింది. ఇద్దరూ నేల మీద మోకాళ్ళ మీద పాకుతున్నారు. ఆవిడకి ఆ కాలితో అలా పాకడం ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు.

ఆ గుండు ఎక్కడుందో నాకు తెలుసు. చీర మీంచి దొర్లి, పానకాలు స్టూలు దగ్గరకి పోయింది. ఆయన చూశాడు. చూసి, ఎడమ చెప్పు దాని మీద పెట్టాడు.

ఆయన్ని నేను తప్పుపట్టను. అంత మంచి బేరం ఎవరికైనా జీవితంలో ఒక్కసారే దొరుకుతుంది. ఒక్క మాట అనక్కర్లేదు, ఒక్క అబద్ధం ఆడక్కర్లేదు. కాలు ఉన్నచోట ఉంచితే చాలు. పెళ్ళికొడుకు పక్కనే సిద్ధంగా ఉన్నాడు. జనం నోళ్ళు మూతపడతాయి. చెల్లెలు కొట్లో నీడపట్టున కూర్చుంటుంది. లాభం తప్ప ఏమీ కనిపించని బేరం అది.

రాజ్యలక్ష్మి పాకుతూ స్టూలు దాకా వచ్చింది. ఆయాసపడుతూ, సన్నటి కాలిని చేత్తో పక్కకి జరుపుకుని, ఆయన మొహంలోకి చూసి అడిగింది. "అన్నయ్యా, నీ చూపు మంచిది. కాస్త చూడవూ?"

పానకాలు ఆవిడ కాలి వైపు చూశాడు. తన కాలి వైపు చూశాడు.

ఎడమ కాలు ఎత్తాడు.

"ఇదిగో," అన్నాడు. "ఇక్కడే ఉంది. ఎంతసేపని వెతుకుతారు?"

ఆవిడ గుండు తీసుకుని కొంగుతో తుడిచింది. చెప్పు కింది మట్టి కొంగుకి అంటుకుంది. ఏమీ అనలేదు. మంచి వ్యాపారి అవతలివాడు తగ్గిన తర్వాత ఇక మాట్లాడడు.

శ్రావణానికి ముందే నేను రోడ్డెక్కాను. మునుపటంత మెత్తగా మాత్రం కాదు. మూడో గేరు వేసేటప్పుడు చిన్న కుదుపు మిగిలిపోయింది. "మా అన్నయ్య ముడి తగిలినట్టుంది," అని ఆవిడ నవ్వుకునేది. ఆ కుదుపుతోనే ఇంకా చాలా ఏళ్ళు తిరిగాం. చివరికి అలసిపోయింది నేను కాదు, బండి ఒళ్ళు. తుప్పు పట్టి, అడుగున రోడ్డు కనిపించేది. రాజ్యలక్ష్మి ఇంకో ఆటోమేటిక్ కొనుక్కుంది. దాని గేర్‌బాక్స్‌కి కంప్యూటరు బుర్ర ఉందట. ఉండనీయండి. తుండుగుడ్డ కింద బేరం దానికేం తెలుసు?

పాత బండిని తుక్కుకి ఇచ్చేరోజు మస్తాన్ నన్ను మాత్రం దింపుకున్నాడు. ఒకవైపు కోసి, లోపల కనిపించేలా చేసి, షెడ్డు ముందు బల్ల మీద పెట్టాడు. ఆటోమేటిక్ బాగుచేస్తాడని పేరొచ్చింది కదా, అదే బోర్డు. ఇప్పుడు అందరూ నన్ను చూస్తారు. జీవితమంతా మూసిన కొట్టు నడిపినవాణ్ణి, ముసలితనంలో బట్టలు విప్పి బజార్లో కూర్చోబెట్టినట్టు ఉంది. ఒకటి రెండు చోట్ల రంగుపోగులు ఇంకా ఊడలేదు. నేతగాడి ముడి అని చెప్పాను కదా.

పానకాలు సాయంత్రాలు వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. వచ్చిన ప్రతివాడికీ నా లోపలి చక్రాలు చూపించి వివరిస్తాడు, సగం తప్పులే. "దీన్ని బాగుచేసింది మేమే," అంటాడు. మస్తాన్ తల వంచుకుని నవ్వుకుంటాడు. ఒకరోజు ఎడమ కాలు సరిగ్గా లేని ఒకమ్మాయిని వాళ్ళ నాన్న స్కూటరు మీద తీసుకొచ్చాడు. "మా అమ్మాయి నడపగలదా?" అని ఆయన అనుమానంగా అడిగాడు. పానకాలు అమాంతం లేచాడు. "ఎడమ కాలికి పని పెట్టే బండి కూడా ఒక బండేనండీ?" అన్నాడు. తనే కనిపెట్టిన మాటలాగా అన్నాడు. సరుకు మారినా కేక మారదు.

నా బల్ల మీద అడుగున ఒక పట్టా పరిచి ఉంది. పాత బండిలో డ్రైవరు కాళ్ళ కింద ఉన్నది. తుక్కువాడికి పోకుండా పానకాలే లాగి తెచ్చాడు. దాని కుడివైపు ఆవిడ మడమ ఆని ఆని చిల్లు పడింది. ఎడమవైపు పువ్వుల గీతలు కొన్న రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అన్నేళ్ళూ ఒక పాదం దాని మీదే ఉంది. ఏ పనీ చేయలేదు, ఎవరూ చేయమనలేదు. నా మొత్తం వ్యాపారంలో లాభం ఏదని అడిగితే ఆ అరగని సగం చూపిస్తాను. నన్ను కూర్చోబెట్టింది దాని మీదే.